ప్రజారోగ్య సేవకుడు గాంధీ మహాత్ముడు

మహాత్మా గాంధీ పేరు వినని ఆంధ్ర గృహం ఈ దక్షిణాఫ్రికాలో లేదు. సత్యాగ్రహం, మూడు పౌన్ల తలపన్ను, 1913 నాటి సమ్మె, చెరసాలలు మొదలైనవి మన పిల్లలు సభలలో ఉపన్యాసాలుగా అప్పగించే విషయాలే. అయితే ఆ మహనీయుని జీవితంలో మన తాతముత్తాతల బ్రతుకుతో మరింత సన్నిహితంగా ముడివడిన భాగం మరొకటి కలదు. అది చీపురుకు, మందుసీసాకు, మరుగుదొడ్డికి, రోగి పడకకు సంబంధించినది. సభామర్యాదకు అంతగా ఒదగని విషయం కావడం వలన కాబోలు, మనవారు దానిని రెండు మాటలలో ముగించి ముందుకు సాగిపోతుంటారు. ఆ భాగాన్నే ఇక్కడ కొంత విస్తరించి చెప్పదలచాను.

మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ 1869 అక్టోబరు 2న కాఠియావాడ్‌లోని పోర్‌బందరులో జన్మించారు. లండనులో న్యాయశాస్త్రం చదివి 1891లో స్వదేశానికి తిరిగివచ్చారు. వృత్తి సరిగా సాగక, దాదా అబ్దుల్లా వర్తక సంస్థవారి వ్యాజ్యం నిమిత్తం ఒక సంవత్సరపు ఒడంబడికపై 1893 మే నెలలో డర్బను రేవులో దిగారు. అప్పటికి మనవారు ఈ గడ్డపై అడుగుపెట్టి 32 సంవత్సరాలు దాటింది. మదరాసు రేవు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న తొలి గిర్మిట్ కూలీలను ఇక్కడకు చేర్చిన సంగతి మనకందరకూ తెలిసినదే. 1911లో ఆ పద్ధతి ముగిసేనాటికి నేటాలుకు వచ్చినవారి సంఖ్య 1,52,000 దాటింది. వారిలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల తెలుగువారు వేలాదిగా ఉన్నారు.

ఆ రోజులలో తెల్లవారు భారతీయులపై మోపిన నేరాలలో ప్రధానమైనది అశుచి. భారతీయులు మురికిగా జీవిస్తారు, ఇరుకు ఇళ్లలో కిక్కిరిసి ఉంటారు, రోగాలు వ్యాపింపజేస్తారు అనే మాట పత్రికలలోను, శాసనసభలోను నిత్యం వినిపించేది. 1897 నాటి నేటాలు వర్తక లైసెన్సుల చట్టంలో దుకాణం పరిశుభ్రంగా లేదన్న కారణం చూపి లైసెన్సు నిరాకరించే వీలు కల్పించబడింది. తోటలలో గాలీ వెలుతురూ చొరని బారక్సు కట్టించినది యజమానులే. పట్టణాలలో భారతీయుల పేటలకు మురుగు కాలువలు, దీపాలు లేకుండా చేసినది పురపాలక సంఘాలే. తరువాత ఆ మురికినే సాక్ష్యంగా చూపి మనవారిని ఊరి వెలుపలికి నెట్టజూచినదీ వారే.

గాంధీజీ ఈ ఆరోపణను రెండు విధాలుగా ఎదుర్కొన్నారు. వర్ణద్వేషానికి ముసుగుగా శుభ్రతను వాడుకోవడాన్ని అర్జీలలో, పత్రికలలో తీవ్రంగా ఖండించారు. అదే సమయంలో, ఆరోపణలో ఉన్న కొద్దిపాటి సత్యాన్ని కూడా మనవారే తమ చేతులతో తుడిచివేయాలని పట్టుబట్టారు. పై అధికారి కొరడా పట్టుకొని వచ్చి చేయించే శుభ్రతకు, ఒక సంఘం తనంతట తాను పూనుకొని చేసుకొనే శుభ్రతకు మధ్య గల అంతరం ఆయన గ్రహించారు. ప్రజారోగ్య విషయంలో ఆయన చేసిన కృషికంతటికీ ఇదే మూలమని నా అభిప్రాయం.

1896లో ఆయన స్వదేశానికి వెళ్లినపుడు బొంబాయిలో ప్లేగు చెలరేగింది. రాజకోటకు కూడా అది వ్యాపించవచ్చునన్న భయంతో సంస్థానంవారు ఏర్పరచిన సంఘంలో ఆయన చేరి, ఇంటింటి మరుగుదొడ్లను పరీక్షించే పని స్వీకరించారు. ధనికుల మేడలలో దుర్గంధం భరింపరానిదిగా ఉండగా, అస్పృశ్యులని వెలివేయబడినవారి వాడలో గడపలు ఊడ్చి, నేల పేడతో అలికి, ఉన్న నాలుగు పాత్రలు తళతళలాడుతున్నాయి. ఆ వాడలోకి వెళ్లడానికి సంఘసభ్యులలో ఒక్కరు తప్ప ఎవరూ ఆయన వెంట రాలేదు.

ఆ సంవత్సరం డిసెంబరులో ఆయన కుటుంబంతో సహా తిరిగివచ్చిన కూర్లాండ్ ఓడను, దానితోపాటు వచ్చిన నాదెరి ఓడను డర్బను రేవులో 23 రోజులు నిలిపివేశారు. బొంబాయిలో ప్లేగు ఉన్నదని చెప్పబడిన కారణం. రెండు ఓడలలోను కలిపి సుమారు 800 మంది ప్రయాణికులు ఉన్నారు. వారిని భయపెట్టి వెనుకకు పంపించాలన్నదే తెల్లవారి అసలు ఉద్దేశం. 1897 జనవరి 13న గాంధీజీ ఒడ్డుకు దిగినపుడు మూక ఆయనపై రాళ్లు, కుళ్లిన గుడ్లు రువ్వి కొట్టిన కథ అందరెరిగినదే. వ్యాధి పేరిట మనుష్యులను ఎట్లా వేటాడవచ్చునో ఆయన స్వానుభవంతో తెలుసుకున్నారు.

అయినా ఆరోగ్యం మాట ఎత్తడం ఆయన మానుకోలేదు. డర్బనులో ప్లేగు భయం తలెత్తినపుడు భారతీయుల ఇండ్లను ఇంటింటికీ తిరిగి పరిశీలించే పనికి పూనుకున్నారు. ఈ పని సులువుగా సాగలేదు. కొన్ని చోట్ల అవమానం, కొన్ని చోట్ల మర్యాదతో కూడిన ఉదాసీనత ఎదురయ్యాయి. హక్కుల కోసం అర్జీపై సంతకం చేయమంటే ముందుకు వచ్చినవారు, తమ పెరటి దొడ్డి శుభ్రం చేసుకోమంటే ముఖం ముడుచుకున్నారు. సంఘాన్ని సంస్కరించదలచినవానికి ఆ సంఘం నుండి వ్యతిరేకత, తిరస్కారమే లభిస్తాయని, అత్యంత సహనం లేనిదే ఈ పని సాగదని ఆయనకు అనుభవమయింది.

ఆ సహనం ఇంటిలో మాత్రం కొన్నిసార్లు లోపించింది. 1898 ప్రాంతంలో డర్బనులోని ఆయన ఇంటిలో గుమాస్తాలు కూడా నివసించేవారు. గదులలో మూత్రపాత్రలు ఉండేవి, వాటిని ఇంటివారే శుభ్రం చేయాలని నియమం. పంచమ కులంలో పుట్టిన తల్లిదండ్రులకు జన్మించిన ఒక క్రైస్తవ గుమాస్తా పాత్రను కస్తూరిబా కన్నీటితో మోసుకువస్తుండగా, ఆమె దానిని సంతోషంగా చేయడం లేదని ఆయన ఆగ్రహించి, చేయి పట్టి గేటు వరకు ఈడ్చారు. పరాయి దేశంలో ఎక్కడికి పోగలదానిని అని ఆమె నిలదీసిన తరువాతనే ఆయనకు సిగ్గు కలిగింది. ఈ సంగతిని ఆయనే లోకానికి వెల్లడించారు. సంస్కర్తల ఇండ్లలోని స్త్రీలు మోసిన భారం ఎంతటిదో ఈ ఒక్క ఘటన చాలు చెప్పడానికి.

ఇక మన తెలుగువారికి ప్రత్యేకించి జ్ఞాపకం ఉండదగిన ఘట్టం. ఒకనాడు కుష్ఠు రోగి ఒకడు గాంధీజీ గుమ్మం ముందుకు వచ్చాడు. ఆయన వానిని భోజనం పెట్టి పంపివేయడానికి మనసొప్పక ఇంటిలో ఉంచుకొని పుండ్లు కడిగి కట్టు కట్టారు. కాని ఎల్లకాలం అట్లా ఉంచుకొనే శక్తి తనకు చాలదని, గిర్మిట్ కూలీల కోసం ఉన్న ప్రభుత్వాసుపత్రికి పంపించారు. అది ఆయన మనస్సును కలచివేసింది. స్వయంగా రోగులకు సేవ చేసే అవకాశం కోసం వెదకసాగారు. సెయింట్ ఏడన్ మిషన్ అధిపతి డాక్టర్ బూత్ దయార్ద్రహృదయుడు, రోగులకు ఉచితంగా మందు ఇచ్చేవాడు. పార్శీ రుస్తుంజీ దానశీలత వలన ఆయన పర్యవేక్షణలో ఒక చిన్న ధర్మాసుపత్రి వెలిసింది. ధనం భారతీయ వర్తకునిది, వైద్యం తెల్ల మతగురువుది, సేవ భారతీయ న్యాయవాదిది. ప్రభుత్వపు ఆజ్ఞ అవసరం లేకుండానే ఈ మూడూ ఒకచోట కలిశాయి.

గాంధీజీ ప్రతిదినం ఒకటి రెండు గంటలు అక్కడ పనిచేశారు. రోగి బాధ ఏమిటో విని తెలుసుకోవడం, ఆ సంగతి డాక్టరుకు వివరించడం, వ్రాసి ఇచ్చిన మందు కలిపి ఇవ్వడం ఆయన విధులు. న్యాయస్థానంలో బారిస్టరుగా నిలిచే మనిషి ఇక్కడ కాంపౌండరు. అక్కడకు వచ్చిన రోగులలో అత్యధికులు తమిళ, తెలుగు, ఉత్తరాది గిర్మిట్ కూలీలని ఆయన తన ఆత్మకథలో నమోదు చేశారు. మన ముత్తాతలలో ఎవరెవరు ఆ బల్ల ముందు నిలబడి దగ్గునో, జ్వరాన్నో, చెరకు కత్తి గాయాన్నో చూపించారో మనకు తెలిసే మార్గం లేదు. గాంధీజీకి తెలుగు రాదు. వచ్చీరాని తమిళమే ఆధారమై ఉండాలి. ద్రావిడ సోదరులు తనపై కురిపించిన ప్రేమను తలచుకొంటూ, తమిళ తెలుగు భాషలు నేర్వలేకపోయిన లోటును ఆయన తరువాతి కాలంలో బాధతో చెప్పుకున్నారు. తోటల నుండి వచ్చే అర్జీ కాగితాలలో కనిపించని కూలివాని శరీరం ఆయనకు కనిపించినది ఈ ఆసుపత్రిలోనే.

1899లో బోయరు యుద్ధం వచ్చింది. డాక్టర్ బూత్ శిక్షణలో రూపొందిన భారతీయ క్షతగాత్ర సేవాదళంలో సుమారు 1,100 మంది చేరారు. వారిలో నాయకులు 40 మంది, స్వతంత్ర భారతీయులు సుమారు 300 మంది, తక్కిన వారందరూ తోటల నుండి వచ్చిన గిర్మిట్ కూలీలు. కొలెన్సో, స్పియాన్ కోప్ యుద్ధరంగాల నుండి గాయపడినవారిని డోలీలలో దినానికి 20 నుండి 25 మైళ్లు మోశారు. నాయకులకు పతకాలు లభించాయి. కూలీలు తిరిగి తోటలకే వెళ్లారు.

1901లో స్వదేశానికి వెళ్లిన గాంధీజీ మరుసటి సంవత్సరాంతంలో తిరిగివచ్చి, జోహాన్నెస్‌బర్గులో న్యాయవాద వృత్తి చేపట్టారు. ఆ నగరంలో భారతీయులు నివసించే పేటకు కూలీ లొకేషన్ అని పేరు. అక్కడి స్థలాలకు 99 ఏండ్ల కౌలు హక్కు ఉండేది. పేట అనారోగ్యకరమన్న కారణంతో పురపాలక సంఘం ఆ హక్కులను రద్దుచేసి స్థలాలను స్వాధీనం చేసుకుంది. కాని నివాసులకు వేరొక చోటు చూపలేదు. యజమానులు అద్దెదారులయ్యారు. జనం మరింత కిక్కిరిశారు. శుభ్రతను గురించి పట్టించుకొనే నాథుడు లేడు. మహమ్మారి రావడం తథ్యమని గాంధీజీ 1904 ఫిబ్రవరిలో నగర ఆరోగ్యాధికారి డాక్టర్ పోర్టరుకు లేఖ వ్రాసి హెచ్చరించారు. ఆ లేఖలోనే, ఆఫ్రికన్లను భారతీయుల మధ్య నివసింపజేయడం తగదని కూడా వ్రాశారు. నేడు చదివేవారికి అది మనస్సు నొచ్చుకొనే భాగం. మహాత్ముడన్నంత మాత్రాన దానిని దాచిపెట్టడం సరికాదు.

మార్చి నెలలో ఎడతెరిపి లేని వానల తరువాత ప్లేగు రానే వచ్చింది. అది పుట్టినది కూలీ లొకేషనులో కాదు. నగర సమీపంలోని ఒక బంగారు గనిలో. అక్కడ పనిచేస్తున్న 23 మంది భారతీయులు ఒక సాయంకాలం తీవ్ర జ్వరంతో పేటకు తిరిగివచ్చారు. ఇండియన్ ఒపీనియన్ పత్రికకు చందాల కోసం ఆ సమయానికి అక్కడకు వెళ్లిన మదన్‌జిత్, ఖాళీగా ఉన్న ఒక ఇంటి తాళం పగులగొట్టి రోగులందరినీ అందులో చేర్చి, పెన్సిలుతో ఒక చీటీ వ్రాసి గాంధీజీకి పంపారు. ఆయన సైకిలుపై హుటాహుటిని చేరుకొని, ఏ పరిస్థితులలో ఆ ఇంటిని స్వాధీనం చేసుకున్నామో నగర కార్యదర్శికి తెలియజేశారు. భారతీయ వైద్యుడు డాక్టర్ విలియం గాడ్‌ఫ్రే వార్త అందగానే వచ్చి వైద్యుడూ పరిచారకుడూ తానే అయ్యారు. గాంధీజీ కార్యాలయంలోని నలుగురు యువ గుమాస్తాలు ప్రాణాలకు తెగించి సేవకు నిలిచారు. ఊపిరితిత్తులకు సోకే ప్లేగు రోగి శ్వాస నుండే అంటుకొనేది. ఆ కాలంలో దానికి మందు లేదు. పనికివచ్చే ఔషధాలు లభించినది 1940 తరువాతనే. మందు త్రాగించడం, ఒళ్లు తుడవడం, పడకలు శుభ్రం చేయడం, ధైర్యం చెప్పడం తప్ప వారు చేయగలిగినది లేదు. ఆ రాత్రి అదే చేశారు.

మరునాడు పురపాలక సంఘంవారు కృతజ్ఞత తెలిపి, ఒక ఖాళీ గిడ్డంగిని అప్పగించారు. దానిని శుభ్రం చేయించలేదు. మనవారే ఊడ్చి, కడిగి, దాతల నుండి మంచాలు తెచ్చి తాత్కాలిక ఆసుపత్రిగా మార్చారు. ప్రభుత్వాసుపత్రి ఒక నర్సును, బ్రాందీ సీసాలను పంపింది. రోగులకు తరచుగా బ్రాందీ త్రాగించమని ఆదేశం. గాంధీజీకి దానిపై విశ్వాసం లేదు. డాక్టర్ గాడ్‌ఫ్రే అనుమతితో, ఒప్పుకొన్న ముగ్గురు రోగులకు బ్రాందీ మానిపించి తలకు, రొమ్ముకు తడి మట్టి పట్టీలు వేశారు. ఆ ముగ్గురిలో ఇద్దరు బ్రతికారు. తక్కిన వారెవ్వరూ ఆ గిడ్డంగి నుండి ప్రాణంతో బయటపడలేదు. ఆ నర్సు కూడా ప్లేగుకు బలియైనది. మట్టి వైద్యం గొప్పతనానికి దీనిని నిదర్శనంగా చూపే భక్తులు కలరు. ముగ్గురిని చూచి ఒక చికిత్సను నిర్ణయించడం సాధ్యం కాదు. నాకు ఘనంగా తోచేది పట్టీ కాదు, దానిని వేయడానికి ఆ గిడ్డంగిలోకి వెళ్లిన కాళ్లు.

గాంధీజీ అక్కడితో ఊరుకోలేదు. స్థలాలు స్వాధీనం చేసుకొని శుభ్రతను గాలికి వదిలివేసిన పురపాలక సంఘమే ఈ ప్లేగుకు బాధ్యురాలని పత్రికలలో నిర్భయంగా వ్రాశారు. హెన్రీ పోలక్, రెవరెండ్ జోసెఫ్ డోక్ ఆయనకు మిత్రులైనది ఆ లేఖ మూలంగానే. మరొక వైపు, పేటను ఖాళీ చేయించే విషయంలో అధికారులకు సహకరించారు. బ్యాంకుల సంగతి ఎరుగని పేదలు తమ కష్టార్జితాన్ని నేలలో పాతిపెట్టుకొని ఉన్నారు. దానిని త్రవ్వి తీసి గాంధీజీ కార్యాలయానికి తెచ్చి పోశారు. అంటు భయంతో బ్యాంకు ఉద్యోగులు ముట్టుకోనందున ఆ నాణేలన్నింటినీ క్రిమిసంహారక ద్రవంతో శుద్ధిచేసి జమ కట్టించారు. మొత్తం సుమారు 60,000 పౌన్లు.

పేటవాసులను ప్రత్యేక రైలులో 13 మైళ్ల దూరంలోని క్లిప్‌స్ప్రూట్ అనే చోటికి తరలించి మూడు వారాలు గుడారాలలో ఉంచారు. ఖాళీ అయిన మరుసటి దినమే పేట యావత్తును తగులబెట్టారు. ఆ నేలపై తరువాత న్యూటౌన్ వెలిసింది. భారతీయులు కొంతకాలానికి నగరానికి తిరిగి చేరుకున్నారు. వారితోపాటు తరలించబడిన ఆఫ్రికన్లు మాత్రం క్లిప్‌స్ప్రూట్‌లోనే, నగరపు మురుగునీటి పొలం ప్రక్కన, ఉండిపోవలసి వచ్చింది. 1934లో పిమ్‌విల్ అని పేరు మారిన ఆ చోటు నేటి సొవెటోలో అతి పురాతనమైన భాగం. ప్రజారోగ్యం పేరుతో జనాన్ని జాతుల వారీగా వేరుచేసే పద్ధతికి అది ఒక ఆరంభం. గాంధీజీ చేతులతో జరిగిన సేవ, పాలకుల చేతులతో జరిగిన ఈ అన్యాయం ఒకే నెలలో, ఒకే చోట జరిగాయి. మనం ఒకదానిని చెప్పి రెండవదానిని విడిచిపెట్టరాదు.

రెండు సంవత్సరాల తరువాత, 1906 జూలూ తిరుగుబాటు కాలంలో, ఆయన 24 మందితో మరల సేవాదళం నడిపారు. కొరడా దెబ్బలు తిని పుండ్లు పుట్టిన జూలూలకు తెల్లవారు కట్లు కట్టడానికి నిరాకరించగా ఆ పని భారతీయులు చేశారు. ఆఫ్రికన్ల విషయంలో గాంధీజీ మనస్సు మెత్తబడినది ఆ గుడారాలలోనేనని చాలామంది భావిస్తారు.

1904 చివర డర్బను సమీపాన నెలకొల్పిన ఫీనిక్సు ఆశ్రమంలోను, 1910లో మిత్రుడు కాలెన్‌బాక్ ఇచ్చిన 1,100 ఎకరాల టాల్‌స్టాయి క్షేత్రంలోను శుభ్రత నిత్యజీవిత నియమమైనది. గుజరాతీలు, తమిళులు, ఆంధ్రులు, ఉత్తరాదివారు కలిసి నివసించిన టాల్‌స్టాయి క్షేత్రంలో మలాన్ని అడుగున్నర లోతు గోతిలో వేసి, త్రవ్విన మట్టితోనే కప్పేవారు. దుర్గంధం లేదు, ఈగలు లేవు, పైగా ఎరువు. ఒక చిన్న పార ఉంటే చాలు. ఖర్చు లేని ఈ ఉపాయాన్ని ఏ పేద గ్రామమైనా అనుసరించవచ్చును. 1913లో ఇండియన్ ఒపీనియన్‌లో ఆయన గుజరాతీ భాషలో ఆరోగ్యాన్ని గురించి వరుసగా వ్యాసాలు వ్రాశారు. ఆ పత్రిక మొదట గుజరాతీ, హిందీ, తమిళ, ఆంగ్ల భాషలలో వెలువడినది. తెలుగుకు చోటు దొరకలేదు. ఆ వ్యాసాలలో అన్నీ అంగీకరింపదగినవి కావు. మశూచి టీకాలను ఆయన వ్యతిరేకించారు. ఆ టీకాల వలననే మశూచి భూమిపై లేకుండా పోయినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

మూడు పౌన్ల పన్ను రద్దయిన తరువాత 1914 జూలైలో ఆయన ఈ దేశం విడిచి వెళ్లారు. ఇక్కడ నేర్చినది అక్కడ ఉపయోగించారు. 1917లో బీహారులోని చంపారన్‌కు నీలిమందు తోటల రైతుల గోడు విచారించడానికి వెళ్లినపుడు, ఆయనకు ఆ తోటలు, ఆ దొరలు క్రొత్తగా తోచి ఉండవు. విచారణతోపాటే గ్రామాలలో పాఠశాలలు తెరిపించి, భారత సేవక సమాజానికి చెందిన డాక్టర్ దేవ్‌ను రప్పించి వైద్యం మొదలుపెట్టారు. ఉంచినవి మూడే మందులు: ఆముదం, క్వినైను, గంధకపు లేపనం. ఏది ఎప్పుడు ఇవ్వాలో వైద్యులు కాని స్వచ్ఛంద సేవకులకు కూడా నేర్పారు. బావుల చుట్టూ, వీధులలో బురద తొలగించారు. కొన్ని గ్రామాలవారు తామే చేయి కలిపి శ్రమించారు. కొన్ని గ్రామాలవారు తమవల్ల కాదన్నారు.

భితిహర్వా సమీపంలోని ఒక చిన్న గ్రామంలో మురికి చీరలతో ఉన్న స్త్రీలను చూచి, బట్టలు ఎందుకు ఉతుక్కోరో అడగమని గాంధీజీ కస్తూరిబాను పంపారు. ఒక స్త్రీ ఆమెను తన గుడిసెలోకి తీసుకువెళ్లి, ఒంటిమీద ఉన్న చీర తప్ప మరొకటి లేదని చూపించింది. మార్చుకోవడానికి రెండవ చీర ఉంటే నిత్యం స్నానం చేస్తానన్నది. ఇంటింటికీ తిరిగి శుభ్రతను ప్రబోధించినవానికి ఆ గుడిసెలో లభించినది వేరొక పాఠం. చంపారన్‌లో ఆ పనిని కొన్నేండ్లు సాగించాలని ఆయన కోరిక. తగిన సేవకులు దొరకక, ఇతర కార్యాలు పైబడి, అది మధ్యలో ఆగిపోయింది.

తరువాతి మూడు దశాబ్దాల రాజకీయ చరిత్ర ఇక్కడ చెప్పనవసరం లేదు. 1941లో ఆయన వ్రాసిన నిర్మాణ కార్యక్రమంలో గ్రామ పారిశుద్ధ్యం, ఆరోగ్య విద్య స్వరాజ్య సాధనాలుగానే పేర్కొనబడ్డాయి. 1942లో ఆగాఖాన్ భవనంలో బందీగా ఉన్నపుడు ఆరోగ్యంపై పాత వ్యాసాలను విడిచి మరల క్రొత్తగా ఒక చిన్న పుస్తకం వ్రాశారు. ఆ నిర్బంధంలోనే 1944 ఫిబ్రవరి 22న కస్తూరిబా కన్నుమూశారు.

1939లో సేవాగ్రామానికి పర్చురే శాస్త్రి అనే సంస్కృత పండితుడు వచ్చారు. పూర్వం ఎరవాడ చెరసాలలో గాంధీజీకి తోటి ఖైదీ. కుష్ఠువ్యాధి ముదిరి, ఎక్కడా నిలువ నీడ లేక వచ్చారు. ఆశ్రమవాసులలో కొందరు భయపడ్డారు. గాంధీజీ వారి సమ్మతి తీసుకొని, తన కుటీరానికి సమీపాన ఒక గుడిసె వేయించి, ప్రతిదినం తన చేతులతో ఆయన ఒళ్లు మర్దించి పుండ్లు శుభ్రం చేసేవారు. డర్బనులో తన ఇంటి నుండి పంపివేయవలసి వచ్చిన ఆ అనామక కూలీ ఆయనకు అప్పుడు జ్ఞాపకం వచ్చి ఉండవచ్చును. శాస్త్రిగారు 1945లో కాలధర్మం చెందారు.

1948 జనవరి 30న ఢిల్లీలో గాంధీజీ హత్యకు గురయ్యారు. ఫీనిక్సులో ఆయన నివసించిన ఇల్లు 1985 ఆగస్టులో ఇనాండా ప్రాంతపు అల్లర్లలో దగ్ధమైనది. దానిని తిరిగి నిర్మించి 2000 సంవత్సరంలో ప్రజల సందర్శనార్థం తెరిచారు.